పోయిందని చెప్పలేదు, సార్

ఆరేళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. అమ్మకు చెప్పలేదు. కట్టుకున్నవాడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీ దగ్గర నోరు పెగులుతోందేమో.

అప్పుడు నేను కడప నుంచి వచ్చి, కొత్తగూడ హాస్టల్లో ఉంటూ, ఒక బ్యాంకు క్రెడిట్ కార్డుల కాల్ సెంటర్లో పనిచేసేదాన్ని. ఒక ఉదయం యాదమ్మ అనే ఆవిడ ఫోన్ చేసింది. హఫీజ్‌పేటలో బట్టలు కుడుతుందట. రైలెక్కుతుంటే పర్సు కొట్టేశారట. కార్డు ఆపాలంటే ముందు పుట్టిన తేదీ అడగాలి. ఆవిడ చెప్పింది కలవలేదు. కాగితాల్లో ఉన్నది బడిలో చేర్చుకునేటప్పుడు పంతులు తోచినట్టు వేసిన తేదీ. మా నాన్నదీ అంతే.

"ఆధార్ చూసి మళ్లీ చేయండమ్మా," అన్నాను.

"అది గూడ పర్సులనే ఉండె బిడ్డా. జర కార్డు బంద్ చెయ్యి, నీ కాళ్లు మొక్కుత."

తేదీ కలవకపోతే చిరునామా అడగొచ్చు, ఆఖరుసారి ఏం కొన్నదో అడగొచ్చు. ఇంకో నాలుగు నిమిషాలు పట్టేది, అంతే. కానీ కాల్ ఎంత త్వరగా ముగిస్తే మాకంత మంచి పేరు, ఆ నెల టీమ్ లీడర్ పదవి నా దాకా వచ్చి ఉంది. ఫోన్ పెట్టేశాను. "కస్టమర్ వివరాలు కనుక్కుని మళ్లీ చేస్తానన్నారు" అని నోట్ రాశాను. కార్డు పోయిన సంగతి రాయలేదు. ఎందుకు రాయలేదు? రాస్తే ఆపనిది నేనేనని తేలుతుంది కదా.

ఆమెకు మళ్లీ లైను దొరికేసరికి సాయంత్రమైంది. ఆలోగా దొంగ మదీనాగూడ దుకాణాల్లో, పిన్ అడగని చోటల్లా కార్డు గీకేశాడు. మాకు తెలియజేయకముందు జరిగిన నష్టం కార్డుదారుదేనని నిబంధన. ఫిర్యాదు చూసినవాళ్లు రికార్డింగు వినలేదు, నా నోట్ చదివి నన్నడిగారు. "పోయిందని చెప్పలేదు, సార్," అన్నాను. గొంతు కూడా తడబడలేదు. అది తలచుకుంటే నామీద నాకే అసహ్యం.

నెల తర్వాత ఆమె ఫోన్ తిరిగి తిరిగి నాకే వచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు.

"కుట్టు మిషన్లు అమ్మిన, బిడ్డా, ఇగ బిల్లు కట్టేస్త. నాదే తప్పు, నాకే సరిగ చెప్పరాలే. ఆ దినం ఫోన్ల మాట్లాడిన పిల్లను ఏమనకుండ్రి, పాపం."

ఆ పిల్ల నేనేనని అనలేకపోయాను. "ఇంకేమైనా సహాయం కావాలా అమ్మా?" అన్నాను, అలవాటుగా. పదవి నాకే వచ్చింది. ఆమెను వెతకలేదు. తీరిక దొరకలేదంటే అది ఇంకో అబద్ధం.

యాదమ్మ సరిగ్గానే చెప్పింది. నాకు సరిగ్గానే వినపడింది. ఇది ఒప్పుకుంటే ఆమె మిషన్లు తిరిగి రావు. ఏడుస్తూనే రాస్తున్నాను, అయినా ఇవాళ కాస్త ఊపిరాడుతోంది.