చిన్నత్త మీద కప్పిన గొంగళి

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను భయపెట్టింది దయ్యం కాదు, ఒక గొంగళి. చింతపిక్కల గంజి పట్టించిన నల్లటి గొర్రెబొచ్చు గొంగళి. మడిచి మూలన పెడితే, ఎవరో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టు బిర్రుగా నిలబడి ఉండేది. ఆ మూలకు నేను పోయేదాన్నే కాదు. అమ్మ కూడా అటు చూడకుండానే ఊడ్చేది. ఎందుకని అడిగితే, పెద్దవాళ్ల సంగతులు నీకెందుకని కసిరేది.

మాది శింగనమల దగ్గర పల్లె. వరసగా వానలు ఎగ్గొట్టిన ఆ ఏళ్లలో నాయన గొర్రెల మంద అమ్మేసి, బెంగళూరు రోడ్డు మీద లారీ డ్రైవరుగా కుదిరాడు. కాన్పుకు వచ్చిన మా అక్క మగబిడ్డను కన్నదని తెలిసి, సోమందేపల్లె దగ్గర రోడ్డుపక్కన అమ్ముతుంటే ఒక కార్పెట్టు కొని పంపించాడు. ఎర్రగా, మెత్తగా, మధ్యలో రెండు నెమళ్లు. అంత సోకైన వస్తువు మా గడప తొక్కడం అదే మొదలు. నేనేం తక్కువా, పరిచీ పరచకముందే దాని మీద దొర్లాను. అక్క మురిసిపోయి, బిడ్డను ఇక దీని మీదే పడుకోబెడతానంది.

నాయనను కన్న మా అవ్వ మాత్రం నిప్పుండే చోట అది వద్దంది. బిడ్డకు నీళ్లు పోసిన ప్రతిసారీ బిడ్డను పడుకోబెట్టే గదిలోకి నిప్పుల కుంపటి తెచ్చి సాంబ్రాణి పొగ వేసేవాళ్లు. అవ్వ నేరుగా మూలకు పోయి ఆ గొంగళి తెచ్చి పరిచింది. అక్క ముఖం మాడిపోయింది.

"చచ్చిపోయిన మనిషికి కప్పిన దాని మీద నా బిడ్డను పండబెట్టల్లా అవ్వా?"

నాయనకు ఒక చెల్లెలు ఉండేదని, నేను పుట్టకముందే కాలిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. మా ఇంట్లో ఆమె ఫోటో లేదు. పేరెత్తేవాళ్లూ లేరు.

అవ్వ కోప్పడలేదు. దీపం వెలిగించి, ఇత్తడి పళ్లెం ముందు పెట్టుకుని, మా ఇద్దరినీ కూర్చోమంది. మంచం మీది జంపఖానా నుంచి ఒక నూలుపోగు లాగి మంటకు పెట్టింది. కాగితం కాలిన వాసనతో భగ్గుమని బూడిదైంది. తర్వాత గొంగళి పోగు పెట్టింది. అది ముడుచుకుని, మంటలోంచి తీయగానే దానంతట అదే ఆరిపోయింది. గదంతా వెంట్రుకలు కాలిన కంపు. చివరికి నెమళ్ల కార్పెట్టు పోగు పెడితే, అది కరిగి బొట్టుగా పళ్లెంలో పడి అక్కడే అతుక్కుపోయింది. చల్లారాక అక్కను గీకమంది అవ్వ. గోరు విరిగింది గానీ బొట్టు ఊడలేదు.

"ఆ పొద్దు మీ అత్త నైలాను చీర కట్టుకోని పొయ్యి కాడ కూచున్నాది. కొత్త చీర. నేనే తెచ్చిచ్చినా. మంట చూసి పరిగెత్తొచ్చి ఈ గొంగళి కప్పినా. మంట ఆరిపోయినాది. చీర మాత్రం ఒంటిమీంచి ఊడి రాలే. గొంగళి ఏం పాపం చేసినాది పాపా? ఆ పొద్దు నా మాట ఇన్నది అదొక్కటే."

అవ్వ ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. అక్క లేచి కార్పెట్టు తన చేత్తోనే చుట్టేసింది. గుచ్చుకోకుండా గొంగళి మీద పాత నూలుచీర మడతలు వేసి, బిడ్డను పడుకోబెట్టింది.

నాలుగు రోజులకు నాయన లారీ దిగి ఇంటికొచ్చాడు. కార్పెట్టు ఏమైందని కేకలేస్తాడేమోనని నేను హడలిపోయాను. ఆయన గడప దగ్గరే ఆగి గొంగళిని చూశాడు, దాని మీద నిద్రపోతున్న మనవణ్ణి చూశాడు. నెమ్మదిగా వచ్చి అంచున కూర్చుని, ఆ నల్లటి బొచ్చును అరచేత్తో నిమిరాడు. చెల్లెలి పేరు ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నేను అనంతపురంలో ఉంటున్నాను. అంగట్లో కార్పెట్టు చూపించి అచ్చమైన ఉన్ని అంటే, ఒక పోగు ఇమ్మని అగ్గిపుల్ల గీస్తాను. పరువు తీస్తున్నావమ్మా అని మా అమ్మాయి దూరంగా పోయి నిలబడుతుంది. పోనీ. కరిగి బొట్టు కడితే వెనక్కిచ్చేస్తాను. వెంట్రుకలు కాలిన కంపు వస్తే మాత్రం వెంటనే బేరమాడలేను. నేనెన్నడూ చూడని చిన్నత్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుంది, గొంగళి పట్టుకుని అవ్వ పరిగెత్తుకొస్తూ ఉంటుంది. ఇంకొంచెం తొందరగా రా అవ్వా, అని ప్రతిసారీ మనసులో అంటాను.