కొరియా పురుగు, ఉయ్యూరు చెరుకురసం

మొన్న కార్తీక సోమవారం పొద్దున్న మా భవానీపురం ఘాట్‌లో ఒకాయన నడుముకి తాడు కట్టుకుని కృష్ణలో మునిగాడని, మెట్ల మీద ఇంకొకాయన ఆ తాడు పట్టుకుని నిలబడ్డాడని మీ చెవిన పడిందా? ఆ మునిగినవాణ్ని నేనేనండీ. తాడు పట్టుకున్నవాడు మా బావమరిది శ్రీను. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా ఆవిడ ఇప్పటికీ కూర తరుగుతూ తరుగుతూ ఆగి నవ్వుతోంది.

అసలు సంగతి మొదటినుంచీ చెప్తాను. నాకు వన్ టౌన్‌లో చీరల షాపు ఉంది కదా. మా తాత మగ్గం నేశాడు, మా నాన్న సైకిలు మీద చీరల మూట పెట్టుకుని ఊళ్లు తిరిగాడు. నేను ఏసీలో పరుపు మీద కూర్చుని అమ్ముతున్నాను. మా వంశంలో కూర్చుని సంపాదించిన మొదటివాణ్ని నేనే. పెళ్లి చీరలు మా దగ్గర కొన్నవాళ్లు తర్వాత శుభలేఖ ఇవ్వడానికొస్తే చేతిలో స్వీట్ బాక్స్ ఉంటుంది. వాళ్ల ఎదురుగా ఒకటి తీసి నోట్లో వేసుకోవడం మర్యాద. వాళ్లు మెట్లు దిగాక రెండోది వేసుకోవడం నా అలవాటు. బందరు లడ్డూ అయితే మూడోది కూడానూ.

దసరా వెళ్లిన దగ్గర్నుంచీ నాకు ఒకటే దాహం. మామూలు దాహం కాదండీ, బాటిల్ ఎత్తితే దించబుద్ధి కాదు. ఆకలి కూడా అంతే. టిఫిన్ చేసి షాపు షట్టర్ ఎత్తేసరికి మళ్లీ ఆకలి. ఇంత తింటున్నా మనిషిని తగ్గిపోతున్నాను. ప్యాంట్లు వదులైపోయి బెల్టుకి కొత్త చిల్లు పొడిపించాను. ఇక బాత్రూమ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, షాపులో కస్టమర్‌కి చీర మడత విప్పి చూపిస్తూ మధ్యలో లేచి వెళ్లాల్సి వచ్చేది.

ఇదంతా చూసి నేను బెంగపడ్డానా? లేదు, పొంగిపోయాను. వచ్చినవాళ్లందరూ 'బాగా సన్నబడ్డారండీ, వాకింగ్ చేస్తున్నారా?' అనడం, నేను 'ఏదో కొంచెం' అని మొహమాటపడటం. వాకింగ్ అంటే నాకు తెలిసింది కౌంటర్ దగ్గర్నుంచి స్వీట్ బాక్స్ దాకా.

దాహం సంగతి ఇంట్లో చెప్తే మా ఆవిడ అరుణ, 'వేడి చేసిందండీ' అంది. మా అత్తగారికి ఫోన్ చేస్తే ఆవిడా అదే అంది. మన కృష్ణా జిల్లాలో ఏ జబ్బయినా ముందు వేడి కిందే లెక్క కదా. ఇక మొదలైంది చలవ చేయడం. ఇంట్లో సబ్జా గింజలు నానబెట్టి పంచదార నీళ్లలో కలిపి పొద్దున్నే ఒక పెద్ద గ్లాసు. మధ్యాహ్నానికి బెల్లం పానకం. మా బావమరిది శ్రీనుకి ఉయ్యూరులో చెరుకు తోటలున్నాయి. బావకి వేడి చేసిందని తెలిసి ప్రాణం పెట్టేశాడు పాపం. రోజు మార్చి రోజు తోటలో చెరుకు నరికించి, రసం తీయించి, ఐసు పెట్టిన క్యానులో పంపేవాడు. తాగుతుంటే ఎంత హాయిగా ఉండేదో! గంట తిరక్కుండా దాహం రెట్టింపయ్యేది. 'చూశావా, ఎంత వేడి ఉంటే ఇంత చలవ కూడా చాలడం లేదు' అనుకునేవాళ్లం.

ఇలా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి లహరి టీవీలో కొరియా సినిమా ఒకటి పెట్టింది. అది డిగ్రీ చదువుతోంది, కొరియా వాళ్లవి ఏవి వచ్చినా వదలదు. తెలుగు డబ్బింగ్ ఉంది కదా అని నేనూ కూర్చున్నాను. కొరియా పోలీసాయన 'ఓరి నాయనో' అంటుంటే సరదాగానే ఉంది మొదట్లో. తర్వాత కథ మొదలైంది. ఏదో పురుగు మనుషుల కడుపుల్లోకి వెళ్తుంది. అది వెళ్లినవాళ్లకి విపరీతమైన ఆకలి. కుండలకి కుండలు అన్నం తింటారు. తిన్నా చిక్కిపోతారు. తర్వాత దాహం మొదలవుతుంది, నీళ్లు తాగి తాగి చివరికి పిచ్చెక్కినట్టు ఏటి ఒడ్డుకి పరిగెత్తి దూకేస్తారు. పురుగే వాళ్లని నీళ్లలోకి లాక్కెళ్తుందట.

ఆకలి అనగానే జంతికల పళ్లెం కింద పెట్టాను. చిక్కిపోవడం అనగానే బెల్టు తడుముకున్నాను. దాహం సీను వచ్చేసరికి నా చేతిలో చెరుకురసం గ్లాసు ఉంది.

"ఏంటి నాన్నా, భయమేసిందా?" అంది లహరి.

'సినిమాకి భయమేంటే' అన్నాను గానీ, గ్లాసు ఖాళీ చేశాకే అన్నాను. ఆ సినిమా రెండున్నర గంటల్లో ఒక్క రోగి కూడా బాత్రూమ్‌కి వెళ్లలేదు. అక్కడే నాకు తట్టాల్సింది. తట్టలేదు.

చదువుకున్నవాణ్నేనండీ, బీకాం. పగలు షాపులో కూర్చుంటే 'ఛ, సినిమా అది' అనిపించేది. ఇంటికొచ్చి ఇంకో చెంబు నీళ్లు తాగగానే మళ్లీ మొదలు. మా ఇల్లేమో కృష్ణకి కూతవేటు దూరం. కార్తీకం కదా, నెల పొడుగునా పొద్దున్నే వెళ్లి మునిగి రావడం నాకు అలవాటు. ఈ ఏడు ఎందుకో ఇంకా తొందరగా మెలకువ వచ్చి ఎప్పుడెప్పుడు నీళ్లలో దిగుదామా అని ఉండేది. అది భక్తి అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడు అనుమానం, నన్ను తీసుకెళ్తోంది భక్తా, పురుగా?

చివరికి ఒకరోజు మెడికల్ షాపుకి వెళ్లి నులిపురుగుల మాత్రలు అడిగాను. 'పిల్లాడి వయసెంతండీ?' అన్నాడు ఆ అబ్బాయి. 'పెద్దవాడే' అన్నాను. నమిలే మాత్ర, తియ్యగా స్ట్రాబెర్రీ వాసన. నమిలి, పైన పానకం తాగాను. రెండు రోజులు చూశాను. దాహం తగ్గలేదు. సినిమాలో కూడా మామూలు మందులకి ఆ పురుగు లొంగదు కదా, దాంతో నాకు ఖాయమైపోయింది.

అప్పుడు మాత్రం నిజంగా భయపడ్డానండీ. నాకేమైనా అయితే అరుణ ఒక్కతే షాపు చూసుకోగలదా, లహరి చదువు మాటేంటి అని గుండె బరువెక్కింది. అలాగని చెప్పుకోలేను. డాక్టరు దగ్గరికెళ్లి 'కొరియా సినిమాలో చూపించిన పురుగండీ' అంటే ఏమంటారు? ఘాట్‌కి వెళ్లడం మానేశాను. మోకాలు నొప్పని అబద్ధమాడాను.

సోమవారం వచ్చింది. అరుణ ఆ రోజు ఇద్దరం కలిసి మునిగి, అరటి దొప్పల్లో దీపాలు వదలాలని ఎప్పటినుంచో అనుకుంటోంది. మా శ్రీను కూడా తెల్లారకుండానే ఉయ్యూరు నుంచి బొలేరోలో దిగాడు, చెరుకురసం క్యానుతో సహా. ఉపవాసం కదా, ఏమీ తినకూడదు, తాగొచ్చు. అక్క స్నానానికి బట్టలు సర్దుకునేలోపు బావకి రెండు పెద్ద గ్లాసులు పోశాడు. అది తాగి, ఇక ఆగలేక, వాణ్ని పెరట్లోకి తీసుకెళ్లి ఉన్నదంతా చెప్పేశాను.

శ్రీను నవ్వలేదు. వాడికి నా మీద అంత గౌరవం. బొలేరో వైపు చూశాడు.

"బావా, అక్కతో చెప్పొద్దు. నా బండిలో చెరుకు మోపులు కట్టే తాడుంది. నువ్వు మునుగు, నేను పట్టుకుంటా. పురుగు లాగితే నేనూ లాగుతా."

అంత తెలివైన ఉపాయం నాకు తట్టనందుకు సిగ్గుపడ్డాను.

ఘాట్‌లో ఇసకేస్తే రాలనంత జనం. అరుణ కింది మెట్టు మీద కూర్చుని దొప్పల్లో వత్తులు వేసుకుంటోంది, మా వైపు చూడలేదు. నేను పంచె మీద తాడు కట్టించుకున్నాను. పక్కన పసుపు చీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు చూసి, ఇదేంటి నాయనా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే శ్రీను 'మొక్కండీ' అనేశాడు.

కార్తీకమాసంలో ఘాట్ మీద ఆ మాట అనకూడదండీ. ఏ దేవుడికి, ఎన్ని సోమవారాలు చేయాలి, తాడు కొత్తదే ఉండాలా, బావమరిదే పట్టుకోవాలా అని ఆవిడ మొదలుపెట్టారు. చుట్టూ ఇంకో నలుగురు చేరారు. శ్రీనుకి అబద్ధం ఆడటం రాదు, మొదలెడితే ఆపడమూ రాదు. బావమరిది లేకపోతే తమ్ముడైనా ఫర్వాలేదనీ, పెళ్లికాని పిల్లలుంటే మంచిదనీ ఏదేదో చెప్తున్నాడు. నేను నీళ్లలో దిగి వెనక్కి చూసేసరికి పసుపు చీరావిడ వాళ్లాయన నడుముకి తువ్వాలు చుడుతున్నారు. ఆయన చేతులు పైకెత్తి బుద్ధిగా నిలబడ్డాడు.

మొదటి మునక మునిగాను. ఏమీ కాలేదు. రెండోది మునిగాను. పురుగు లాగలేదు సరికదా, చల్లగా హాయిగా ఉంది. మూడోది మునిగి లేచేసరికి మాత్రం కళ్లు తిరిగాయి. కాళ్లు తేలిపోయినట్టయి, నాచు మెట్టు మీద జారి ముందుకి తూలాను. తాడు బిగుసుకుంది.

'లాగేస్తోందిరోయ్' అని శ్రీను పెట్టిన కేక గుంటూరు ఒడ్డు దాకా వినపడే ఉంటుంది. చెరుకు మోపులు లారీ మీదకి లాగే చెయ్యి అది. నన్ను మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి అరుణ ముందు పడేశాడు. దీపాల దొప్పలు రెండు నా కింద పడ్డాయి. పంచె ఎక్కడుందో ఆ పరమశివుడికే తెలియాలి. తాడు మాత్రం నడుముకి భద్రంగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో భక్తిగా దణ్ణం పెట్టారు.

అరుణ తన తువ్వాలు నా మీద కప్పి, తాడు వైపు చూసి, తమ్ముడి వైపు చూసింది. శ్రీను కొరియా దగ్గర్నుంచీ మొత్తం చెప్పేశాడు. తిడుతుందనుకున్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇన్నాళ్లు లోపల పెట్టుకుని తిరిగారా? నాకు చెప్పకూడదా?" అంది. "నడవండి డాక్టరు దగ్గరికి. తాడు విప్పి నడవండి."

మా వీధి చివర డాక్టరమ్మగారు పెద్దావిడ, నిదానంగా మాట్లాడతారు. నేను పురుగు ప్రస్తావన వీలైనంత మర్యాదగా తెచ్చాను. ఆవిడ విన్నారు. ఆకలి, దాహం, చిక్కిపోవడం అన్నీ రాసుకున్నారు. బాత్రూమ్‌కి ఎక్కువ వెళ్తున్నారా అని అడిగారు. అవునన్నాను. పెన్ను కింద పెట్టి, నా వేలు తీసుకుని చిన్న సూదితో పొడిచి, మిషన్‌లో రక్తం చుక్క వేశారు. అంకె చూశారు. నన్ను చూశారు. ఇంకో వేలు పొడిచి మళ్లీ చూశారు.

పొద్దున్నుంచి ఏం తిన్నారని అడిగితే ఉపవాసమండీ, ఏమీ తినలేదన్నాను. తాగిందేమిటన్నారు. చెరుకురసం అన్నాను. రోజూ తాగుతున్నారా అన్నారు. పానకం కూడా అన్నాను. సబ్జా నీళ్ల సంగతి అరుణ చెప్పింది. శ్రీను మెల్లిగా బయటికి జారుకోబోతుంటే డాక్టరమ్మగారు ఆగమన్నారు.

"పురుగు లేదు, ఏమీ లేదు బాబూ. మీకు షుగరు. అది కూడా మామూలుగా లేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే చలవ చేసుకుని ఉంటే స్పృహ తప్పి పడిపోయేవారు. ఈ రోజే అడ్మిట్ అవ్వండి, ఇన్సులిన్ మొదలుపెడదాం. మందులు వాడితే మామూలుగానే ఉంటారు."

అరుణ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ప్రాణానికి భయం లేదని తెలిసి నాకూ గుండె తేలికైంది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు లెండి. డాక్టరమ్మగారు చీటీ రాస్తూ చెప్పుకుపోతున్నారు. పంచదార మానేయాలి. బెల్లం మానేయాలి. చెరుకురసం పేరెత్తకూడదు. 'లడ్డూ?' అన్నాను. జీవితాంతం జాగ్రత్త అన్నారు. శుభలేఖతో వచ్చే స్వీట్ బాక్సులు షాపులో పనివాళ్లకి పంచేయమని కూడా చెప్పారు, అదేదో చిన్న విషయంలాగా.

నాకు ఆ కొరియా వాళ్లు గుర్తొచ్చారు. వాళ్లకి జబ్బొస్తే చివర్లో ఒక మందు దొరికింది, వేసుకున్నారు, తగ్గిపోయింది, హాయిగా ఇళ్లకి వెళ్లిపోయారు. లడ్డూలు మానేయమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చాలా వినయంగా అడిగానండీ. "డాక్టరమ్మగారూ, మీరు ఏమీ అనుకోకపోతే ఇంకొక్కసారి బాగా చూస్తారా? పురుగే అయ్యుండొచ్చు."