పిలిస్తే పడవ వెయ్యాల్సిన రేవు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. జరిగింది మాత్రం చెప్తాను.

తొంభైల మొదట్లో సిడ్నీకి పడమరగా ఒక కౌన్సిల్‌లో, అంటే అక్కడి మునిసిపాలిటీలో, రోడ్ల ఇంజనీరుగా చేసేవాణ్ణి. నదిలోకి దిగే ఒక పాత రోడ్డును మూసెయ్యాలని కౌన్సిల్ అనుకుంది. వంతెనలు లేని రోజుల్లో పడవ రేవు కోసం వేసిన రోడ్డది. మూసేముందు దాని మీద ఎవరికి ఏ హక్కుందో చూడాలి కాబట్టి, బ్రిటిష్ వలసగా ఉన్న తొలినాళ్ళ చట్టాలు తిరగెయ్యడం నా నెత్తిన పడింది. వాటి ప్రకారం, రేవు లైసెన్సు ఉన్నవాడు అవతలి ఒడ్డు నుంచి ఎవరు పిలిచినా పడవ వెయ్యాలి. వెయ్యకపోతే జరిమానా.

"మన గోదావరి రేవు వేలంపాట రూలు కూడా ఇంతేనోయ్" అన్నారు రత్నం అంకుల్. ఆయన మా సర్వేయరు. రాజోలు వైపు లంకలో పుట్టిన మనిషి, సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో మా వీధే. ఆ రోజుల్లో ఆంటీ వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టర్లు ఆశ వదిలేశారు. ఆ రోజు సాయంత్రం వస్తానని ఆవిడకి మాటిచ్చి అంకుల్ పనిలోకి వచ్చారు. ఇంట్లో ఒక్కడూ కూర్చుంటే పిచ్చెక్కుతోందట.

మధ్యాహ్నం చిన్న అల్యూమినియం పడవలో రేవు దగ్గర లోతులు కొలిచి ఒడ్డుకి వచ్చాం. సామాను కారులో పెడుతుంటే అవతలి ఒడ్డు నుంచి ఒక ఆడగొంతు పిలిచింది. మాటలు తెలియలేదు గానీ పిలుపు ఇద్దరికీ వినిపించింది. అటువైపు ఇల్లు లేదు, దారి లేదు, అంతా పొదలే.

ఆసుపత్రికి లేటవుతుందని నేను ఆపబోయాను.

"పిలిచిన మనిషిని ఒడ్డున వదిలేసి పోతావేంటి? జస్ట్ టూ మినిట్స్" అని ఆయన తెడ్డు అందుకున్నారు.

అక్కడ ఎవరూ లేరంటూ ఒంటరిగానే తిరిగొచ్చారు. కానీ వెళ్ళేటప్పుడు తేలిగ్గా పైకి లేచిన పడవ ముక్కు, వచ్చేటప్పుడు నీళ్ళలోకి దిగి ఉంది. ముందువైపు ఇంకో మనిషి కూర్చుంటే ఎంత దిగుతుందో అంత. నీళ్ళు చేరాయేమోనని వంగి చూశాను. పొడిగా ఉంది. అసలే కష్టంలో ఉన్న మనిషి, ఆ సంగతి ఆయనతో అనలేదు.

తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాం. ఆంటీ తెలివిలోనే ఉన్నారు. అంకుల్ని చూసి నవ్వారు. తరవాత ఆయన పక్కన, ఎవరూ లేని చోటికి చూశారు. నేనింకా గుమ్మంలోనే ఉన్నాను.

"ఏవండీ, మీతో వచ్చినావిణ్ణి నిలబెట్టేశారేంటి? కూర్చోమనండి."

రేవు మాట గానీ పడవ మాట గానీ ఆవిడకి ఎవరం చెప్పలేదు. అంకుల్ కుర్చీ జరిపి వేశారు.

ఆంటీ ఆ కుర్చీ వైపు తిరిగి, ఊరి నుంచి వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు కాసేపు ఏదో మాట్లాడారు. చీకటి పడకముందే పోయారు.

భూస్థాపన రోజు అంకుల్ నన్ను పక్కకి పిలిచి ఒక్కటే అడిగారు.

"నేను పడవ వెయ్యకపోతే మీ ఆంటీ ఉండేదంటావా?"

డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు కదా అంకుల్ అన్నాను. నిజానికి నాకు తెలియదు. ఇన్నేళ్ళయినా తెలియదు.