గుట్లపల్లి బడి నూటికి నూరు

రామచంద్రప్ప ఏ బడికీ అధ్యక్షుడు కాడు. అయినా హోసూరుకు ఉత్తరాన, బాగలూరు దారిలో, మొన్నమొన్ననే నగరంలో కలిసిపోయిన గుట్లపల్లిలో ఆయన్ని అందరూ ‘తలైవర్’ అనే పిలుస్తారు. ఊరి ప్రభుత్వ హైస్కూలు కమిటీకి అసలు అధ్యక్షురాలు ఆయన భార్య రామలక్ష్మమ్మ. బడిలో చదివే పిల్లల తల్లే ఆ కుర్చీలో కూర్చోవాలని చెన్నైలో ఎవరో మంచి మనసుతో ఒక నియమం రాశారు. ఆ నియమం ఊరు చేరిన రోజున గుట్లపల్లి మగవాళ్ళందరికీ తమకు భార్యలున్న సంగతి ఒక్కసారిగా గుర్తుకొచ్చింది.

రామలక్ష్మమ్మ ఎన్నికైన ఉదయం చామంతి తోటలో పూలు కోస్తోంది. ఆమె తరఫున చేతులెత్తించింది, దండ వేయించుకున్నది, మాట్లాడింది కూడా రామచంద్రప్పే. ఆ అర్హత ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. కొడుకు యశ్వంత్‌ను ఫీజులు కట్టి ఇంగ్లీషు బడికి పంపాడు. కూతురు భువనకు ఊరి బడి చాలుననుకున్నాడు. ఆడపిల్ల దగ్గర చూపించిన ఆ పొదుపే చివరకు ఆయనకు పదవి తెచ్చిపెట్టింది. లోకంలో చాలా పదవులు ఇంతకంటే గొప్ప దారిన రాలేదు.

ఆయన చరిత్ర పెద్దదేమీ కాదు. తాత రాగులు పండించాడు, తండ్రి రోజాలు పండించాడు, రామచంద్రప్ప లేఅవుటు పండించాడు. తోట ఒక ముక్క మిగిల్చి తక్కిందంతా అమ్మేశాడు. భూమి అమ్ముకున్న రైతుకు డబ్బు ఖర్చుపెట్టడం తొందరగానే అలవాటవుతుంది, మధ్యాహ్నాలు ఖర్చుపెట్టడం మాత్రం చచ్చేదాకా అలవాటు కాదు. గుడి కమిటీలో కుర్చీలు నిండిపోయి ఉన్నాయి. పార్టీలో కుర్చీలకు వరస పొడుగ్గా ఉంది. బడిలో కుర్చీ ఒక్కటే ఖాళీ, ఎందుకంటే దానిమీద ఎవరికీ ఆశ లేదు.

అసలు మన బడిని ఎవరు నడుపుతారో తెలుసుకోవాలంటే వేదాంతం చదివినంత ఓపిక కావాలి. పంతుళ్ళ జీతం చెన్నై నుంచి వస్తుంది, బదిలీ జిల్లా కేంద్రం కృష్ణగిరి నుంచి వస్తుంది. గోడ ఒకరిది, గోడమీది బొమ్మ ఏదో కంపెనీది. మధ్యాహ్నం అన్నం ఒక శాఖ పెడుతుంది, తిన్న చెయ్యి కడుక్కునే నీళ్ళు ఇంకో శాఖ చూడాలి. ఆ శాఖ ఎప్పుడూ చూడలేదు. తెలుగు పంతులు రిటైరైపోతే ఆ పాఠం డ్రిల్లు మాస్టరుకు అప్పగించారు. ఆయన నేర్పిన పద్యాలను పిల్లలు అడుగులు లెక్కపెట్టినట్టు అప్పజెబుతారు. ఇక పైనుంచి దిగే నిధులంటారా, అవి కెలవరపల్లి ఆనకట్ట గేట్ల దగ్గరి నురుగులాంటివి. దూరాన్నుంచి చూస్తే తెల్లగా కొండంత, దోసిలి పడితే చెమ్మ.

పూర్వం పల్లెల్లో వీధిబడి పంతులుకు ఇంటింటా గింజలు కొలిచేవాళ్ళు. పాఠం బాగాలేకపోతే కొలత తగ్గేది, తగ్గిన సంగతి పంతులుకు ఆ సాయంత్రమే తెలిసేది. అదేమీ బంగారు కాలం కాదు, సగం ఊరిని గడపే తొక్కనివ్వని కాలం. కాని అడగవలసింది ఎవరినో అప్పుడు తెలుసు. ఇప్పుడు అందరికీ హక్కుంది, అడగడానికే మనిషి లేడు.

ఆ మధ్య ఒక కంపెనీ వచ్చి గోడలకు రంగులేసి గ్రహాలన్నీ గీయించింది, తరగతిలో పెద్ద తెర బిగించింది. ఆడపిల్లల మరుగుదొడ్డికి ఒక కొళాయి పెట్టించమని రామలక్ష్మమ్మ ఇంట్లో ఒకసారి అన్నది. కొళాయికి ఎవరైనా రిబ్బను కత్తిరిస్తారా అని రామచంద్రప్ప నవ్వాడు. ఆడపిల్లలు గోడమీది శనిగ్రహం పక్కగా నడిచి రోడ్డవతల ఇళ్ళకు పోయి వస్తూనే ఉన్నారు.

ఇలా ఉండగా పదో తరగతి ఫలితాలొచ్చాయి. చుట్టుపక్కల బళ్ళు నూటికి నూరు అని ఫ్లెక్సీలు కట్టుకున్నాయి. గుట్లపల్లిలో కొంతమంది తప్పారు. కృష్ణగిరి మీటింగులో హెడ్మాస్టరు మురుగన్‌ను నిలబెట్టి అడిగారు. మురుగన్ ధర్మపురి వైపు మనిషి, మెత్తనివాడు, గుట్లపల్లిలోనే తెలుగు నేర్చుకున్నాడు. తిరిగొచ్చి తల పట్టుకుని కూర్చుంటే రామచంద్రప్ప ఆయనకు ధైర్యం చెప్పాడు.

“తప్పేవాళ్ళు పరీక్ష రాస్తేనే కదా సార్ తప్పేది.”

“అంటే?”

“రాయకుంటే? తొమ్మిదిలోనే టీసీ ఇచ్చి పంపించేస్తే? మా యశ్వంత్ బడిలో అంతే చేస్తారు సార్.”

“మీ వాడి బడిలోనా తలైవరే?”

“మా వాడి బడిలోనే సార్. ఆ బడి సంగతి నాకు తెలీదా.”

పూలు గ్రేడు చేసేవాళ్ళకు ఇందులో వింత కనబడదు. వంకరకాడ రోజాలు ఏరి పారేస్తే పెట్టెలో ఉన్నవన్నీ మేలురకమే. రామచంద్రప్ప తండ్రి ఆ పని చేశాడు, ఆయనా చేశాడు. పిల్లల్ని కూడా అలాగే ఏరవచ్చునని తట్టడానికి మాత్రం లేఅవుటు వేసిన బుర్ర కావలసి వచ్చింది. చదువులో వెనకబడిన వాళ్ళను తొమ్మిదితోనే సాగనంపాలని, బయటినుంచి అలాంటివాళ్ళను పదిలో చేర్చుకోకూడదని కమిటీ తీర్మానించింది. సంతకం రామలక్ష్మమ్మది. పొయ్యిమీద పాలు పొంగుతుంటే, ఆమె చూపంతా గిన్నెమీదే ఉండగా, ఆయన వేలు పెట్టి చూపించినచోట పెట్టింది.

లింగప్ప కొడుకు చక్రికి టీసీ వచ్చింది. లింగప్ప బాగలూరులో చవగ్గా దొరికే పూలు కొని బస్సుల దగ్గర అమ్ముతాడు. ఆయన టీసీ పట్టుకుని నేరుగా రామచంద్రప్ప ఇంటికే వచ్చాడు.

“ఏమప్పా, ఊరి బడిలో ఊరి పిల్లోడికి జాగా లేదా?”

“జాగా కాదు లింగప్పా, వానికి లెక్కలు రావు.”

“రావనే కదా పంపించింది. వస్తే నేనేమిటికి పంపిస్తా?”

“రెండు నెలలు షెడ్డులో పని నేర్చుకోనీ. చేతిలో పనుంటే చదువెందుకు?”

“అట్లనా. మరి నీ కొడుకును ఏ షెడ్డుకు పంపిస్తా ఉండావు?”

రామచంద్రప్ప ఫోను మోగినట్టు తీసి చెవిన పెట్టుకుని లోపలికి పోయాడు. చక్రి ఒక చిన్న యూనిట్లో బోల్టులకు నూనె పూసే పనిలో చేరాడు. బడి వంటమనిషి నాగక్క మనవరాలు పూర్ణిమ ఇంట్లో కూర్చుంది. మరి కొందరు ఎటో పోయారు, ఎటని అడిగే శాఖ ఏదీ లేదు. మరుసటి ఏడు గుట్లపల్లి నూటికి నూరు. ఫ్లెక్సీలో రామచంద్రప్ప నిలువెత్తున నమస్కారం పెట్టాడు, మురుగన్ మెడదాకా ఉన్నాడు, అధ్యక్షురాలు స్టాంపు బిళ్ళంత ఉంది. పాసైన పిల్లలకు జాగా చాలలేదు.

ఆ ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోకముందే ఇంగ్లీషు బడి ప్రిన్సిపాలు ఆయన్ని పిలిపించింది. యశ్వంత్‌కు సైన్సు రావడం లేదు, లెక్కలు అసలే రావు. పదికి మేము తీసుకోలేము, టీసీ తీసుకోండి అన్నది.

“మేడమ్, ఎల్కేజీ నుంచి ఈడే కదా మావాడు.”

“మాకు రిజల్టు ముఖ్యమండీ. గవర్నమెంటు స్కూలు ఉందిగా, వాళ్ళు ఎవర్నైనా చేర్చుకోవాలి.”

చేర్చుకోరని ఆమెకు తెలియదు. ఆయనకు తెలుసు.

తక్కిన బళ్ళూ అంతే. హోసూరులో మార్కులు అడిగారు, కెలమంగలంలో మార్కులు చూసి నవ్వారు. యశ్వంత్ తలుపు వేసుకుని పడుకున్నాడు. అన్నానికి పిలిస్తే రాడు, వస్తే తల ఎత్తడు. “ఫ్రెండ్స్‌కు ఏమని చెప్పేది నాయనా” అని ఒక్కసారి అడిగాడు, మళ్ళీ అడగలేదు. బళ్ళు తెరిచే రోజు దగ్గరికొచ్చింది. ఆ రోజుకు ఎక్కడో ఒకచోట చేరకపోతే వాడి చదువు అక్కడితో సరి. రామచంద్రప్ప మురుగన్ దగ్గరికి పోయాడు.

“సార్, మా వాణ్ణి మన బడిలో వేసేద్దామని. అధ్యక్షురాలి కొడుకు బయట చదివితే బాగుండదు కదా.”

మురుగన్ చాలాసేపు కళ్ళజోడు తుడిచాడు. “తలైవరే, రూలు మీరే చేసినారు. ఒక్కణ్ణి చేర్చినా లింగప్ప వచ్చి నా టేబుల్ మీద కూర్చుంటాడు. కమిటీ రూలు మార్చితే సరి.”

“మారుస్తాను. కమిటీ నేనే కదా.”

“ఇప్పుడు కాదు. కొత్త ఆర్డరు వచ్చింది. మీటింగులో తల్లులే కూర్చోవాలి, భర్తలు బయట. అసలు తలైవి మీ ఇంటామె, ఆమె రావాల.”

ఇంటికొచ్చేసరికి రామలక్ష్మమ్మ వసారాలో చామంతులు కడుతోంది. చెప్పవలసినదంతా ఆయన నిలబడే చెప్పాడు. ఆమె దండ ఆపలేదు.

“మీటింగులో యశ్వంత్‌ను చేర్చుకోవాలని చెప్పు. అంతే. సుమ్మనె ఊరికే ఇంకేమీ మాట్లాడొద్దు.”

“చేర్చుకోరని ఎవురు చెప్పినారు?”

“కమిటీ.”

“కమిటీ అంటే నేనంట కదా. నేనెప్పుడు చెప్పినాను?”

పొయ్యి దగ్గర పెట్టిన సంతకం సంగతి ఆయన గుర్తుచేశాడు.

“లింగప్ప కొడుకును పంపించింది నా సంతకమా?”

“అందరిదీ.”

“నాగక్క మనవరాలిని?”

“అదీ.”

ఆమె దారం పళ్ళతో తెంపింది. “నాగక్క రోజూ పొద్దున తోటలో నాకు చద్దన్నం పెట్టి మాట్లాడతా ఉండాది. ఒక్కరోజు అడగలేదు చూడు” అని మాత్రం అని, లేచి లోపలికి పోయింది.

మీటింగు రోజున రామచంద్రప్ప కిటికీ బయట, గురుగ్రహానికి ఆనుకుని నిలబడ్డాడు. లోపల ఆయన కుర్చీలో రామలక్ష్మమ్మ అంచున కూర్చుంది, మొత్తం కూర్చోవడానికి ఇంకా నమ్మకం కుదరనట్టు. చక్రి సంగతి అడగడానికి వచ్చిన లింగప్ప గడప అవతలే, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలుచున్నాడు. తల్లుల పక్కన నాగక్క కింద కూర్చుంది.

“మా వాణ్ణి పదిలో చేర్చుకోవాల సార్” అన్నది రామలక్ష్మమ్మ.

“చూసినారా” అన్నాడు లింగప్ప. “మా వాడు వంకర, వాళ్ళవాడు నేరుగా ఉండాడా?”

“వాడూ వంకరేనప్పా. ఆ బడోళ్ళు ఏరి పారేసినారు.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

“ఆ రూలు తీసేయండి సార్” అన్నదామె. “పోయినోళ్ళందర్నీ పిలవాల. వాళ్ళు వచ్చి కూర్చున్నాకనే మావాణ్ణి పిలవండి. ముందు పిలిస్తే నేను ఊర్లో తిరిగేదెట్ల?”

“అమ్మా, రిజల్టు...” అన్నాడు మురుగన్.

“తప్పితే తప్పుతారు సార్. మీరు పాఠం చెప్పేది చెప్పండి. కృష్ణగిరిలో అడిగితే తలైవి చెప్పిందని చెప్పండి.”

“వాళ్ళు వస్తారా ఇప్పుడు?” అన్నది నాగక్క మొదటిసారి నోరు విప్పి. “మా పూర్ణిమ వస్తాది. ఆ చక్రి నెలనెలా చేతికి సంబళం చూసినాడు. వాణ్ణి ఎవురు పిలుచుకొని వచ్చేది?”

రామలక్ష్మమ్మ కిటికీ వైపు చూసింది. లోపలివాళ్ళందరూ చూశారు.

ఆ సాయంత్రం రామచంద్రప్ప మోటారుసైకిలు మీద బోల్టుల యూనిట్ గేటు దగ్గరికి పోయాడు. వాచ్‌మన్ ఎవరి తరఫున అని అడిగితే ఏం చెప్పాలో తెలియక పేరొక్కటే చెప్పాడు. షిఫ్టు వదిలారు. కుర్రవాళ్ళు గుంపులుగా వస్తున్నారు, వాళ్ళలో చక్రిని వెంటనే గుర్తుపట్టలేకపోయాడు. ఏడాదిలో వాడు పొడుగయ్యాడు, మీసం కూడా నూనె మరకలా కనబడుతోంది.

“ఏమన్నా, మా నాయనకేమన్నా అయిందా?” అన్నాడు చక్రి కంగారుగా.

“ఏమీ కాలేదు. బడికి రా. సోమవారం నుంచి.”

“ఏ బడికి?”

“మన బడికే.”

చక్రి చేతులు చింకిగుడ్డతో తుడుచుకున్నాడు. వేళ్ళ సందుల్లో నలుపు పోవడంలేదు. “ఈడ సంబళం ఇస్తారన్నా. ఆడ కొడతారు. కొట్టినా లెక్కలు రావు నాకు.”

“మా యశ్వంత్‌కూ రావు.”

“యశ్వంత్ ఇంగ్లీషు బడి కదా.”

“తీసేసినారు” అన్నాడు రామచంద్రప్ప. ఊళ్ళో ఎవరి ముందూ ఆ మాట అంతవరకూ అనలేదు. “నువ్వు రాకపోతే వాణ్ణీ చేర్చుకోరు. అందుకే వచ్చినాను. నీమీద ప్రేమతో కాదు.”

వాడు నవ్వాడు. అబద్ధం లేని మాట కాబట్టి కాబోలు, పోకుండా నిలబడ్డాడు కూడా.

“తప్పితే మళ్ళా టీసీ ఇస్తారా అన్నా?”

ఆ ప్రశ్న అడిగింది నూటికి నూరు తెచ్చినవాణ్ణి. కంపెనీ బస్సులు ఒకదాని వెనుక ఒకటి దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

“ఇయ్యరు. తప్పితే మళ్ళా రాస్తావు. వాడూ రాస్తాడు.”

“ఈ మాట మా నాయనతో చెప్పండి. నేను చెప్తే నమ్మడు.”

లింగప్ప ఆ వేళకు బస్సుల దగ్గరే ఉంటాడు. నలుగురి మధ్యలో, పూలగంప పక్కన నిలబడి చెప్పవలసి వస్తుంది. రామచంద్రప్ప బండి తిప్పి, చక్రిని వెనక ఎక్కించుకుని, బస్టాండు దారి పట్టాడు.