వంటింటి గుమ్మానికి సిగ్నల్

పురానాపూల్ దస్తగీర్ రైల్వేలో సిగ్నల్ దీపాలు వెలిగించే నౌకరీ నుంచి దిగి మూడేళ్లయింది. పాతకాలపు సిగ్నళ్లను తను చెక్కతో చేసిపెట్టకపోతే రాజ్యంలో రైళ్లే ఆగిపోతాయన్నట్టు, ఇల్లంతా జానెడేసి నమూనాలతో నింపేశాడు. ఒకదాన్ని వంటింటి గుమ్మానికి బిగించి, దాని చెక్క చెయ్యి దించడానికి తాడు కట్టి, "చెయ్యి కిందికి వాలితెనే దాటాలె" అని భార్య అక్తరున్నీసాకు ఫర్మానా కూడా జారీ చేశాడు. దానికి ఎర్రద్దం కావాలని ఆమె పెళ్లినాటి గాజు పగలగొట్టాడు, మహానుభావుడు.

"నువ్వు బతికుండంగనే నా గాజులు పగలగొడ్తవా?" అంటూ ఆమె పొయ్యి ఆర్పి, కూర దాని మీదే వదిలి, సిగ్నల్ చెయ్యి అడ్డంగా నిలిపి చెల్లెలింటికి వెళ్లిపోయింది.

పొరుగింటి ఎల్లప్ప వచ్చేసరికి దస్తగీర్ కూర వాసన పీలుస్తూ గుమ్మం ముందే కూర్చున్నాడు.

"తాడు గుంజి లోపలికి పో, భాయ్!"

"సిగ్నల్ ఇయ్యకుండ దాటితె నౌకరి ఊడుతది."

"అది పోయి మూడేండ్లాయె గద!"

"నౌకరి పోయింది. ఖాయిదా పోలే."

ఆకలి మాత్రం ఏ ఖాయిదాకూ లొంగలేదు. దస్తగీర్ లేచి లాడ్ బజార్ వెళ్లి ఎర్రగాజులు కొని, మరదలింటి నుంచి భార్యను బతిమాలి తీసుకొచ్చాడు. గాజులు తొడిగించుకున్నాకే ఆమె తాడు గుంజింది.

"ఇగ రా, గూడ్స్‌బండీ! కూర సల్లగయింది."