రెండో సిలిండర్ చప్పుడు

శుక్రవారం ఉదయం ఆరూ పదికి సంగారెడ్డి బస్సు నన్ను మా ఊరి మూలమలుపు దగ్గర దింపింది. కొండాపూర్ మండలం, నల్లరేగడి నేల. రాత్రి వాన కురిసి వెలిసింది. బూటుకు సేరు మట్టి. వీపున ఫౌజు సంచి, అందులో స్పానర్లు, సందులు కొలిచే ఫీలర్ గేజి, రెండు జతల బట్టలు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో అడిగి తెచ్చుకున్న సెలవు మూడు రోజులే.

పదిహేడేళ్లు సైన్యంలో బండ్ల మెకానిక్‌గా చేశాను. అందరూ మంచు గురించి, తుపాకుల గురించి అడుగుతారు. నన్ను కుదురుగా కూర్చోనివ్వని డ్యూటీ మాత్రం ఈ మూడు రోజులది.

నెల కింద అన్న పాత ట్రాక్టర్ అమ్ముతానంటే నేనే అడ్డం పడ్డాను. ఆదివారాలు వచ్చి ఇంజన్ మొత్తం విప్పి, కొత్త పిస్టన్లు వేసి కట్టాను. ఇప్పుడు రెండో సిలిండర్ దగ్గర టిక్కు టిక్కుమంటోంది. బయట నేల పదును మీదుంది. మూడు రోజుల్లో పత్తి గింజ పడకపోతే ఆ తడి ఆరిపోతుంది. ఊళ్లో మిగతా ట్రాక్టర్లు ఎవరి చేలల్లో వాళ్లవి తిరుగుతున్నాయి.

"నడుస్తుంది గదరా తమ్మీ, ఏంది నీ పరేషాన్?" అన్నాడు అన్న.

"గిట్లనే దున్నితే వాల్వు ఇరుగుతదన్నా. జెర ఆగు."

వాల్వుకూ, దాన్ని నొక్కే రాకర్‌కూ నడుమ సన్నటి సందు ఉండాలి. ఇంజన్ వేడెక్కితే ఇనుము సాగుతుంది, దానికి జాగా అది. ఎక్కువైతే చప్పుడు. తక్కువైతే వాల్వు సరిగా మూసుకోదు, ఇంజన్‌కు దమ్ముండదు. గేజిలో పన్నెండో నంబరు రేకు దూర్చి లాగితే కాస్త పట్టుకోవాలి.

ఏడింటికి మొదలుపెట్టాను. ఆరు వాల్వులకూ రేకు సరిగ్గానే పట్టుకుంది. స్టార్ట్ చేస్తే టిక్కు టిక్కు. సాయంత్రం నాలుగింటికల్లా నాలుగుసార్లు సరిచేశాను. గేజి ఒప్పుకుంటోంది, చెవి ఒప్పుకోవడం లేదు. అన్నం సహించక షెడ్డు చుట్టూ తిరిగాను.

శనివారం ఎనిమిదింటికి గేజిని పక్కన పడేసి, చప్పుడు ఆగేదాకా బిగించాను. అన్న ముఖం వెలిగింది. తొమ్మిదింటికి నాగలి తగిలించాడు. తొమ్మిదీ నలభైకి, మూడో సాలులో, వేడెక్కిన ఇంజన్ దగ్గి, టపటపమని ఆగిపోయింది. అన్న తువ్వాల భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. తిట్టినా బాగుండేది. చల్లారాక సందు మళ్లీ వదులు చేసి, ఆ టిక్కుటిక్కుతోనే బండిని షెడ్డుకు తెచ్చాను.

మూడింటికి వదిన షిఫ్టు దిగి వచ్చింది. కాజీపల్లిలో మందుల కంపెనీలో చేస్తుంది. చాయ్ తెచ్చి షెడ్డులో నిలబడింది. వెనకాలే అన్న.

"కట్టింది ఎవలు మరిదీ?"

"నేనే."

"చెక్ చేసింది?"

"నేనే వదినా."

"మా కంపెనీల గట్ల నడ్వది. చేసినోళ్లు వేరే, చూసినోళ్లు వేరే. రెండు సంతకాలు లేకుంటే డబ్బా కదలది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎందుకంటే ఫౌజులోనూ అదే పద్ధతి. నేను బిగిస్తే హవల్దార్ సాబ్ తన గేజితో మళ్లీ చూసేవాడు. ఊరికొచ్చాక నా మీద హవల్దార్ లేడు.

"ఇంజన్ల గురించి నీకేం ఎరుక?" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"ఎరుక లేదు. చూస్తే ఏం పోతది, ఇయ్యి."

రాకర్లు విప్పి ఇచ్చాను. గుడ్డతో తుడిచి, వాల్వుకు తగిలేచోట ఒక్కోదాన్నీ వేలితో తడిమింది. నాలుగో దాని మీద వేలు ఆగింది. వెంటనే బొటనవేలితో ఆ చోటు మూసి, "చాయ్ సల్లారింది, జెర వెచ్చజేసి తేపో" అని అన్నను ఇంట్లోకి పంపింది. అన్న వెళ్లాక వేలు తీసింది.

"గీడ గుంత పడ్డది."

నిజమే. అరిగి చిన్న గుంత పడింది. బల్లపరుపు గేజి రేకు గుంత అంచుల మీద కూర్చుంటే కింది ఖాళీ తెలియదు. ఆ ఖాళీదే ఈ చప్పుడు. ఫౌజులో, పైన కొండల్లో మాకు స్పేర్లు దొరికేవి కావు. పాత ముక్కను తుడిచి మళ్లీ వేయడమే మా పని. అక్కడ అది తెలివి. ఇక్కడ అదే అలవాటుతో పాత రాకర్లను తడిమి చూడకుండా బిగించాను.

నాలుగింటికి సంగారెడ్డి లేత్ షాపుకు అన్న బైకు మీద పోయి దాన్ని నున్నగా సాన పట్టించుకొచ్చాను. ఆదివారం ఆరింటికి నేను బిగించాను, వదిన ఒక్కో వాల్వుకూ రేకు దూర్చి చూసింది. ఏడింటికి ట్రాక్టర్ చేలో దిగింది. సాయంత్రం అయిదింటికల్లా చివరి సాలులోనూ గింజ పడింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఉండబట్టలేక చెప్పేశాను. "గది నా తప్పేనన్నా. చూడకుండ బిగించిన."

"నాకెర్కే," అన్నాడు అన్న. "పెండ్లై ఇరవై ఏండ్లాయె, ఎన్నడన్న నన్ను పొయ్యికాడికి పంపిందారా మీ వదిన?"

సోమవారం నుంచి మళ్లీ షిఫ్టు. ఎక్కడ ఏ మెషీన్ టిక్కుమన్నా పని ఆపి వింటాను. కళ్ల ముందు ఆయిలంటి నల్లబడ్డ వదిన బొటనవేలు కనిపిస్తుంది, అన్న చూడకుండా నా తప్పును మూసి పట్టుకుని.