అవ్వ లేచి నిలబడిన ఆదివారం

నా చిన్నప్పుడు మేం రేణిగుంట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు, మా చెల్లెలికి అయిదు. ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక చెల్లెలికి మెదడువాపు జ్వరం వచ్చింది. తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చారు. అమ్మ, నాయన్ని కన్న మా అవ్వ అక్కడే ఉండిపోయారు. రైల్వే యార్డులో పనిచేసే నాయన, నేను ఇంట్లో మిగిలాం.

అదే వారం మా చర్చిలో ప్రార్థన కూటాలు పెట్టడానికి ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, కంచు గొంతు. మా ఇంటికి ప్రార్థనకని వచ్చి, నాయన వేసిన కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకునే అన్నాడు: "ఈ ఇంట్లో ఎవరో భయపడుతున్నారు. భయమంటే అవిశ్వాసం. అది పోయేదాకా బిడ్డకు స్వస్థత రాదు."

నాయన తల వంచుకుని ఆమెన్ అన్నాడు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ "ఎవరో" నేనేనని నాకు అర్థమైపోయింది. రోజూ బడి నుంచి వస్తూ, చెల్లెలు చచ్చిపోయుంటుందేమోనని భయపడుతున్నది నేనే కదా! ఆయన కాఫీ తాగి, నా తల నిమిరి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి భయం వచ్చినప్పుడల్లా తొడ గిల్లుకోవడం మొదలుపెట్టాను. అది మళ్ళీ వచ్చేది. ఇంకా గట్టిగా గిల్లుకునేదాన్ని. అన్నం లోపలికి దిగేది కాదు. ఎవరితోనూ చెప్పలేదు. చెల్లెల్ని చంపుతున్నది నేనేనని ఎవరితో చెప్పుకోను?

ఆదివారం పొద్దున అవ్వ ఉతికిన బట్టలు తీసుకుపోవడానికి ఇంటికొచ్చింది. నన్ను చర్చికి పంపాలని తలంటుతూ నా తొడలమీద నల్లగా కమిలిన మచ్చలు చూసింది. బళ్ళో అయ్యవారు కొట్టాడా అని అడిగింది. నేను ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

అవ్వ నా తల తుడిచీ తుడవకుండానే చెయ్యి పట్టుకుని చర్చికి లాక్కుపోయింది. ప్రసంగం నడుస్తోంది. నాయన అప్పటికే వచ్చి మగవాళ్ళ వైపు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద కూర్చునే మనిషి, నేరుగా ముందుకు పోయి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏందయ్యా నువ్వు మా ఇంట్లో చెప్పింది? తొమ్మిదేళ్ళ బిడ్డ భయపడిందని దేవుడు దాని చెల్లెలి పానం తీస్తాడా?"

ఆయన మైకు పక్కకు జరిపి, కోపం మంచిది కాదు, కూర్చోమ్మా అన్నాడు. సంఘపెద్దలు కూడా ఊరుకోమని సైగలు చేశారు.

"కూసోను. పట్టపాలెంలో పుట్టి పడవలెక్కినోళ్ళ బిడ్డను నేను. గాలివాన వస్తే ఎవురికి భయం లేదు? సిలువెక్కే ముందు యేసయ్యకే భయమేసి, తోటలో చెమటలు కారిపోయినాయే! ఆయన దాపెట్టుకున్న్యాడా? తండ్రికి చెప్పుకోలా? పసిబిడ్డ గొంతు నొక్కేదానికి నీకెవురిచ్చినారు అధికారం?"

ప్రసంగీకుడు పాట ఎత్తుకోమన్నాడు. క్షమించమని మాత్రం అడగలేదు. మేం బయటికి వచ్చేసరికి వెనకే చెప్పుల చప్పుడు. నాయన. ఆయన మీసాలు తడిసిపోయి ఉన్నాయి.

"నాకూ భయంగానే ఉండాది మా," అన్నాడు అవ్వతో.

ముగ్గురం ప్యాసింజరు ఎక్కి తిరుపతి పోయాం. మంచంలో చెల్లెలు కళ్ళు తెరవకుండా పడుకుని ఉంది. అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నీకేమనిపిస్తా ఉండాదో అదే చెప్పు దేవుడికి అంది. నాకు మంచి మాటలేవీ రాలేదు. "దేవుడా, నాకు భయంగా ఉండాది. చెల్లి చచ్చిపోతాదేమోనని భయంగా ఉండాది," అన్నాను. అంతే. చెప్పినందుకు ఆకాశం విరిగి మీద పడలేదు. అవ్వ నా వీపు మీద చెయ్యి వేసి ఆమెన్ అంది. అన్ని రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం నేను అవ్వ ఒళ్ళో నిద్రపోయాను. లేచాక ఇడ్లీలు తిన్నాను.

చెల్లెలు బతకలేదు. బుధవారం పోయింది.

మట్టి వేసేటప్పుడు అవ్వ నా పక్కనుంచి కదల్లేదు. అందరికీ వినబడేలా, "నీ వల్ల కాదు బిడ్డా, నీ వల్ల కాదు," అంటూనే ఉంది. ఆమె ఆ ఆదివారం లేచి నిలబడకపోయుంటే, చెల్లెల్ని చంపానన్న నమ్మకంతోనే నేను పెద్దదాన్నయి ఉండేదాన్ని.

ఆ ప్రసంగీకుడు ఎప్పుడో పోయి ఉంటాడు. ఆయన్ని క్షమించాను. ఆయన మాటను మాత్రం ఈ డెబ్భయ్యేళ్ళ వయసులోనూ క్షమించలేదు. అలాంటి మాట ఇప్పుడు ఫోన్లలో వినిపించినా, మైకుల్లో వినిపించినా నేను ఊరుకోను. రోగి తల్లిని నిలబెట్టి నీ విశ్వాసం ఏదీ అని అడిగేవాళ్ళకు, నీ జాలి ఏదీ అని ఎదురు అడుగుతాను. కొందరు నన్ను కూటాలకు పిలవడం మానేశారు. మంచిదే.

మొన్న నా గుండెకు ఏదో పరీక్ష చేయాలని బల్లమీద పడుకోబెట్టారు. చల్లటి గది, నెత్తిమీద పెద్ద యంత్రం. "భయంగా ఉండాది నాయనా," అని పైకే అన్నాను యేసయ్యతో. పక్కనున్న నర్సమ్మాయి తనతోనే అన్నాననుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పరీక్ష అయిపోయేదాకా నేనూ వదల్లేదు.